కొంగుముడిలో పదకొండు గోలీలు: క్యాన్సర్ నొప్పి గురించి రోగికి చెప్పాల్సినవి

మా మేనత్తది నర్సంపేట దగ్గర పల్లె. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయి, కీమో అయి, రెండేళ్లు బాగానే తిరిగింది. ఆ తర్వాత వెన్నులో నొప్పి మొదలైంది. స్కానింగ్ చేస్తే ఎముకల్లోకి పాకిందని తేలింది. డాక్టర్ మార్ఫిన్ గోలీలు రాసి, నాలుగు గంటలకొకటి వేసుకోమన్నారు. పది రోజుల తర్వాత నేను ఊరికి వెళ్లేసరికి అత్త నులక మంచం మీద గోడవైపు తిరిగి, మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. మందు పనిచేయడం లేదేమో అనుకున్నాం. లేపి కూర్చోబెడుతుంటే కొంగు చివర ముడి చేతికి గట్టిగా తగిలింది. విప్పి చూస్తే పదకొండు గోలీలు. స్ట్రిప్పును కత్తెరతో ఒక్కో గోలీగా కత్తిరించి, అన్నీ కలిపి ముడేసుకుంది.

"ఇవేందత్తా?"

"దాసిపెట్టిన బిడ్డా. ఇప్పుడైతే ఓర్సుకుంటున్న. ఇప్పటిసందే అన్నీ ఏసుకుంటే, రేపు పెద్దనొప్పి వచ్చిన్నాడు ఏ గోలీ పనిచేస్తది?"

అత్త జీవితమంతా ఆ లెక్కతోనే నడిచింది. పత్తి అమ్మిన పైసల్లో కొన్ని పండుగకు, కొన్ని ఆపదకు దాచినట్టే గోలీలనూ దాచింది. అలాంటి మనిషికి ఈ ఒక్క మందును దాచుకోకూడదని ఎవరో ఒకరు పక్కన కూర్చుని చెప్పాలి. డాక్టర్ చీటీ మీద రాశారు. మందుల కౌంటర్‌లో నాలుగు వేళ్లు చూపించి "నాలుగు గంటలకొకటి" అన్నారు. తోడు వెళ్లిన మామ తలూపాడు. చెప్పడం అంతటితో అయిపోయిందని అందరం అనుకున్నాం.

నేను డాక్టర్‌ను కాను. అత్త మంచం పక్కన ఉండి, ఉపశమన చికిత్స, అంటే నొప్పినీ బాధనూ తగ్గించే వైద్యం చేసే నర్సుల దగ్గర, డాక్టర్ల దగ్గర అడిగి అడిగి తెలుసుకున్నవి రాస్తున్నాను. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అనేది వాళ్ల డాక్టరే చెప్పాలి. కానీ ఆ మందు ఎందుకు, ఎలా, ఏ భయం నిజం, ఏ భయం అబద్ధం అనేవి రోగికి తెలియాలి. ఇంట్లో మందుల డబ్బా ఎవరి చేతిలో ఉంటుందో వాళ్లకూ తెలియాలి. నొప్పి మందు ఇంటిదాకా వచ్చి కూడా మనిషి నొప్పితో అల్లాడటం నేను కళ్లారా చూశాను. అది ఇంకో ఇంట్లో జరగకూడదు.

"ఫర్వాలేదు సార్"

ములుగు, భూపాలపల్లి వైపు నుంచి వచ్చేవాళ్లు తెల్లారకముందే బయలుదేరి కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ చేరుతారు. ఓపీ చీటీ, లైను, మళ్లీ లైను. తమ వంతు వచ్చేసరికి మధ్యాహ్నం. డాక్టర్ ఫైలు తిరగేస్తూ "నొప్పి ఎట్లుందమ్మా?" అంటారు. "ఫర్వాలేదు సార్." రాత్రంతా మంచం కోడు పట్టుకుని మూలిగిన మనిషి అనే మాట ఇది.

ఎందుకలా అంటారో అత్తను తర్వాత మెల్లగా అడిగాను. నొప్పి ఎక్కువ ఉందని చెబితే ఒంట్లో బలం లేదని కీమో ఆపేస్తారేమో అని భయం. జబ్బు పెరిగిందని డాక్టర్ నోటివెంట వినాల్సి వస్తుందేమో అని ఇంకో భయం. మళ్లీ స్కానింగ్ అంటారు, మళ్లీ కొడుకు అప్పు చేయాలి. వీటన్నిటికీ పైన, కాన్పులప్పుడే నోరెత్తలేదన్న పేరు ఒకటుంది. ఆ పేరు అత్తకు చాలా ఇష్టం.

రోగికి మొదట చెప్పాల్సింది ఇక్కడే ఉంది. నొప్పి చెబితే వైద్యం ఆగదు. తగ్గని నొప్పి నిద్రను, తిండిని తినేస్తుంది, మనిషి బలం పోతుంది, అప్పుడు కీమో తట్టుకోవడం కష్టమవుతుంది. నొప్పి మందు వేసుకుంటే జబ్బు కనపడకుండా పోతుందన్న అనుమానం కూడా అక్కర్లేదు. జబ్బు ఎంత ఉందో స్కానింగ్‌లో, పరీక్షల్లో తెలుస్తుంది. నొప్పి ఎంత ఉందో మాత్రం ఏ మిషన్‌లోనూ కనపడదు, మనిషి చెబితేనే తెలుస్తుంది. నొప్పి కొత్తగా పెరిగినంత మాత్రాన జబ్బు పెరిగినట్టే అని కూడా కాదు. ఆపరేషన్ గాయం, కీమో వల్ల నరాలు దెబ్బతినడం, రేడియేషన్ తర్వాత నోట్లో పుండ్లు, రోజుల తరబడి మలబద్ధకం కూడా నొప్పి తెస్తాయి.

మన ఇళ్లలో ఇంకో ముడి ఉంది. చాలామంది రోగులకు జబ్బు పేరే చెప్పరు. "గడ్డ లేచింది, కరగడానికి మందు పెడుతున్నరు" అంటారు. ప్రేమతోనే అంటారు. కానీ ఏ జబ్బో తెలియని మనిషికి ఇంత గట్టి నొప్పి మందు ఎందుకో అర్థం కాదు. రెండు రోజులు వేసుకుని తగ్గిందని ఆపేస్తుంది. జబ్బు పేరు ఎప్పుడు, ఎలా చెప్పాలన్నది ప్రతి ఇంటికీ కష్టమైన ప్రశ్నే, దాన్ని బలవంతం చేయలేం. ఆ తీర్మానం కుదిరేదాకా ఆగకుండా మందు సంగతి మాత్రం పూర్తిగా చెప్పొచ్చు: "ఈ నొప్పి రోజూ ఉండేది, అందుకే గోలీ కూడా రోజూ ఉండాలి."

సలుపు వేరు, మంట వేరు

"నొప్పి" అని ఒక్కమాటలో చెబితే డాక్టర్‌కు సగమే తెలుస్తుంది. మన భాషలో నొప్పికి ఉన్నన్ని మాటలు నిజానికి వైద్యానికి చాలా పనికొస్తాయి. ఎముకలోకి పాకిన జబ్బు సలుపుతుంది, పోటు పెడుతుంది, కదిలితే ప్రాణం పోయినట్టు ఉంటుంది. నరం ఒత్తుకుపోయినా, దెబ్బతిన్నా మంట, సూదులు గుచ్చినట్టు, చీమలు పాకినట్టు, కరెంటు షాకు కొట్టినట్టు. పేగుల్లో అడ్డం ఉంటే మెలిపెట్టి తిప్పినట్టు వచ్చి, పోయి, మళ్లీ వస్తుంది. ఇవి ఒక్కొక్కటి ఒక్కో మందు దారి చూపిస్తాయి.

నరాల నొప్పికి గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. ఇక్కడే ఓ చిక్కు వస్తుంది. మందుల షాపులో కుర్రవాడు స్ట్రిప్పు చూసి "ఇది ఫిట్స్ మందు కదా" అంటాడు. ఇంకొకరు ఫోన్‌లో వెతికి "ఇది డిప్రెషన్ గోలీ" అంటారు. పొరపాటున రాశారేమోనని ఇంట్లోవాళ్లు ఆపేస్తారు. పొరపాటు కాదు. ఆ మందులు నరాల్లో లేనిపోని సంకేతాలను తగ్గిస్తాయి. అందుకే మొదటి రెండూ మూర్ఛకు, మూడోది డిప్రెషన్‌కు వాడే మందులే అయినా, నరాల మంటకూ వాడతారు. వేసుకున్న గంటలో తగ్గవు, కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాలు పడుతుంది. మందు రాసినప్పుడే ఈ నాలుగు మాటలు చెబితే ఆ గోలీలు చెత్తబుట్టలో పడవు.

ఎముక నొప్పికి రేడియేషన్ మంచి మందు. మనవాళ్లు "కరెంటు పెట్టడం" అంటారు. ఎముకలో ఒక చోట నొప్పి ఉంటే చాలాసార్లు ఒక్కరోజు పెట్టే ఒక్క డోసు సరిపోతుంది, ఆరు వారాలు హైదరాబాద్‌లో రూము తీసుకుని ఉండాల్సిన పని లేదు. అయితే పెట్టిన మర్నాడే తగ్గదు. మొదటి రెండు మూడు రోజులు కొందరికి నొప్పి ఎక్కువ కూడా అవుతుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో ఫలితం తెలుస్తుంది. ఈ సంగతి ముందే తెలియకపోతే "కరెంటు పెట్టినంక ఇంకా ఎక్కువైంది" అని భయపడి ఊరంతా చెబుతారు.

రూపాయిలో ఎంత?

ఆసుపత్రుల్లో సున్నా నుంచి పది దాకా గీత గీసి, నొప్పి ఎంతో అంకె చెప్పమంటారు. చదువుకున్నవాళ్లకు సరే. అత్త "ఏమో, మస్తుంది" అనేది. ఇంటికి వచ్చిన నర్సమ్మ ఒకరోజు తెలివిగా అడిగింది: "రూపాయిలో ఎంతుందమ్మా? చారాణానా, ఆఠాణానా?" అత్త క్షణం ఆలోచించకుండా "బారాణా ఉన్నది" అంది. అణాలు పోయి ఎన్నేళ్లయినా మన దగ్గర పెద్దవాళ్ల నాలుక మీద చారాణా, ఆఠాణా, బారాణా ఇంకా సజీవంగా ఉన్నాయి. చారాణా, అంటే పావలా, పని చేసుకోగలిగిన నొప్పి. ఆఠాణా, అంటే అర్ధ రూపాయి, నిద్రకు అడ్డం వచ్చేది. బారాణా, అంటే ముప్పావలా, దాటితే మాట కూడా రాదు. అత్త మనవడు ఒక రఫ్ నోటుబుక్కులో రోజూ రాయడం మొదలుపెట్టాడు: పొద్దున ఎంత, రాత్రి ఎంత, ఎక్స్‌ట్రా గోలీ ఎన్నిసార్లు, దొడ్డికి పోయిందా లేదా. ఆ పుస్తకం డాక్టర్ ముందు పెడితే రెండు నిమిషాల్లో పది రోజుల కథ తెలిసేది.

గడియారం చూసి గోలీ

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి ఒక మెట్ల పద్ధతి చెప్పింది. కింది మెట్టు మీద పారాసిటమాల్, డైక్లోఫెనాక్ లాంటివి. మధ్య మెట్టు మీద కోడీన్, ట్రమడాల్ లాంటి బలహీన రకం. పై మెట్టు మీద మార్ఫిన్. 2018లో మార్గదర్శకాలను సవరించి, ఈ మెట్లను నేర్పడానికి వాడుకోవచ్చు గానీ ఒక్కో మెట్టూ ఎక్కుతూనే పోవాలన్న రూలు లేదని చెప్పింది. నొప్పి బారాణా ఉన్న మనిషిని నెల రోజులు కింది మెట్టు మీద నిలబెట్టాల్సిన పని లేదు, నేరుగా మార్ఫిన్‌తో మొదలుపెట్టొచ్చు.

మెట్ల కన్నా ముఖ్యమైన మాట ఇంకోటి అదే పద్ధతిలో ఉంది: మందు గడియారం ప్రకారం వేసుకోవాలి. మామూలు మార్ఫిన్ గోలీ అరగంటలో పని మొదలుపెట్టి దాదాపు నాలుగు గంటలు ఉంటుంది. తర్వాత దిగిపోతుంది. నొప్పి వచ్చేదాకా ఆగి వేసుకుంటే, వేసుకున్నది పనిచేసేలోపు నొప్పి పైకెక్కి కూర్చుంటుంది. వరి మడి తడి ఆరకముందే నీళ్లు పెడితే కొద్దిపాటి తడితో సరిపోతుంది. నెర్రెలు బారేదాకా వదిలేసి పెడితే ఎంత పారించినా ఆ పగుళ్లలోకే పోతాయి. అత్తకు ఈ మాట ఒక్కసారి చెబితే చాలింది. "గట్లనా, మరి ముందుగాల ఎవ్వలు చెప్పలేదు" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఉపశమన చికిత్సలో చాలామంది డాక్టర్లు చెప్పే వేళలు పొద్దున 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6, రాత్రి 10. రాత్రి 2 గంటలకు లేపకుండా ఉండటానికి పడుకునే ముందు రెండింతలు వేసుకోమంటారు, డాక్టర్ అలా రాస్తేనే. మేము దాన్ని అత్త దినచర్యకు కట్టేశాం. పొద్దున చాయ్, పొలం నుంచి మామ వచ్చే వేళ, మధ్యాహ్నం అన్నం, దీపం పెట్టే వేళ, పక్క వేసే వేళ. మనవడి ఫోన్‌లో అలారం కూడా ఉంది కానీ, అత్తకు చాయ్ గుర్తున్నట్టు అలారం గుర్తుండదు.

వేళకు వేసుకుంటున్నా మధ్యలో నొప్పి ఎగిసిపడొచ్చు. దానికి విడిగా ఎక్స్‌ట్రా డోసు రాసిస్తారు, మామూలుగా నాలుగు గంటలకు వేసుకునే మోతాదే. అది వేసుకున్నా తర్వాతి వేళ గోలీ మానకూడదు. రోజుకు మూడు నాలుగు సార్లు ఎక్స్‌ట్రా కావాల్సి వస్తే అసలు మోతాదు చాలడం లేదని డాక్టర్‌కు చెప్పాలి. స్నానం చేయించేటప్పుడు, కట్టు మార్చేటప్పుడు నొప్పి వస్తుందని తెలుసు కదా, అరగంట ముందే వేసుకోవచ్చేమో అడగండి. అత్తకు ఆ తర్వాతే తలస్నానం మళ్లీ ఇష్టమైంది.

12 గంటలకోసారి వేసుకునే నిదానంగా కరిగే రకం గోలీలూ ఉంటాయి. వీటిని ఎట్టి పరిస్థితిలోనూ నలపకూడదు, కొరకకూడదు. గుట్కా, జర్దా, చుట్ట వల్ల నోటి క్యాన్సర్ వచ్చినవాళ్లు మింగలేరు, ఇంట్లోవాళ్లు గోలీని రోట్లో నూరి అరటిపండులో పెడతారు. మామూలు 10 మిల్లీగ్రాముల గోలీ అయితే నూరి నీళ్లలో కలిపి, గొట్టం ద్వారా కూడా ఇవ్వొచ్చు. నిదానంగా కరిగే రకాన్ని నూరితే 12 గంటల మందు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. రెండు స్ట్రిప్పులూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంటికి వచ్చాక కాదు, కౌంటర్ దగ్గరే అడిగి స్ట్రిప్పు మీద గుర్తు పెట్టుకోవాలి.

కొందరికి చర్మం మీద అంటించే ఫెంటానిల్ పట్టీ ఇస్తారు. అది అంటించాక పనిచేయడానికి అరరోజు, ఒకరోజు పడుతుంది, మూడు రోజులకోసారి మారుస్తారు. వేడి తగిలితే మందు ఎక్కువ దిగుతుంది. మన మే నెల ఎండలో, జ్వరంలో, కాపడం పెట్టేటప్పుడు ఇది గుర్తుండాలి.

నల్లమందు, అలవాటు, ఆఖరి మందు

మార్ఫిన్ నల్లమందు నుంచి వస్తుంది. ఆ మాట వినగానే ఇంట్లో పెద్దమనిషి ముఖం మారిపోతుంది. అలవాటు పడితే ఎలా అంటాడు. ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి, వాటిని విడదీసి చెప్పాలి. వారాల తరబడి మార్ఫిన్ వాడితే శరీరం దానికి అలవాటు పడుతుంది, ఒక్కసారిగా ఆపితే చెమటలు, వణుకు, ముక్కు కారడం, విరేచనాలు వస్తాయి. కొన్ని రకాల బీపీ గోలీలు, ఫిట్స్ గోలీలు ఉన్నట్టుండి ఆపినా శరీరం ఇలాగే తిరగబడుతుంది. నొప్పి తగ్గితే డాక్టర్ మోతాదు కొద్దికొద్దిగా దించుతారు, ఏ ఇబ్బందీ రాదు. వ్యసనం అంటే వేరు: నొప్పి లేకున్నా మత్తు కోసం వెతుక్కోవడం, దానికోసం ఇల్లూ పనీ వదిలేయడం. క్యాన్సర్ నొప్పికి డాక్టర్ చెప్పినట్టు వాడేవాళ్లలో అది అరుదు. అస్సలు రాదని కాదు, ముందు నుంచి తాగుడు, మత్తు అలవాటు ఉన్నవాళ్ల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి, డాక్టర్‌కు దాచకుండా చెప్పాలి. వాళ్లకు కూడా నొప్పి మందు ఇస్తారు, దగ్గరగా చూసుకుంటూ ఇస్తారు.

అత్త భయం మరో రకం. ముందే వాడేస్తే తర్వాత పనిచేయదని. పారాసిటమాల్‌కు రోజుకు 4 గ్రాములు, ట్రమడాల్‌కు 400 మిల్లీగ్రాములు అంటూ పైహద్దు ఉంది, చిక్కిపోయినవాళ్లకు పారాసిటమాల్ హద్దు ఇంకా తక్కువ. మార్ఫిన్‌కు అలాంటి ఒక అంకె లేదు. నొప్పి పెరిగితే డాక్టర్ చూసుకుంటూ మోతాదు పెంచగలరు. అందుకే పక్క బెడ్ ఆయన మోతాదుతో పోల్చుకోవడం దండగ. ఒకరికి 5 మిల్లీగ్రాములతో తగ్గుతుంది, ఇంకొకరికి 60 కావాలి, జబ్బు ఎవరిది ముదిరిందో ఆ అంకె చెప్పదు.

"మార్ఫిన్ రాసిండ్రంటే ఇగ అయిపోయినట్టే" అన్న మాట మా ఇంట్లోనూ వినపడింది. చాలా ఏళ్లుగా ఆఖరి రోజుల్లోనే ఆ మందు చూశారు కాబట్టి, మందు వల్లే పోయారన్న భావం పడిపోయింది. నొప్పి ఎంత ఉందనేదాన్ని బట్టే ఈ మందు ఇస్తారు, ఎన్ని రోజులు మిగిలాయన్న లెక్కతో కాదు. కీమో నడుస్తున్నవాళ్లూ వాడతారు, జబ్బు తగ్గి మందు మానేసినవాళ్లూ ఉన్నారు. 2010లో అమెరికాలోని బోస్టన్ డాక్టర్లు ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న 151 మందితో చేసిన అధ్యయనం ఒకటి వచ్చింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచే ఉపశమన చికిత్స అందుకున్నవాళ్లలో సగం మంది 11.6 నెలలకు మించి, అందుకోనివాళ్లలో సగం మంది 8.9 నెలలకు మించి బతికారు. నొప్పి, ఆందోళన చూసుకోవడం వల్ల ఆయుష్షు తగ్గలేదు.

దుష్ఫలితాలు ఉన్నాయి, వాటిని దాచకూడదు. మొదటి మూడు నాలుగు రోజులు మగతగా ఉంటుంది, వాంతి వచ్చినట్టు ఉంటుంది, సాధారణంగా వారంలో సర్దుకుంటుంది. ఆ రోజుల్లో బండి నడపకూడదు. మలబద్ధకం మాత్రం సర్దుకోదు, మార్ఫిన్ వాడినన్నాళ్లూ ఉంటుంది. కాబట్టి విరేచనం మందు కూడా మొదటి రోజు నుంచే రోజూ ఉండాలి. చీటీలో లేకపోతే అడగండి. చాలా ఇళ్లలో ఇసబ్గోల్ ఇస్తారు. మామూలు మలబద్ధకానికి మంచిదే గానీ, మార్ఫిన్‌తో పేగు కదలికే మందగిస్తుంది, పైగా రోగి నీళ్లు సరిగా తాగదు, అప్పుడు ఆ పొట్టు లోపల ముద్దగా నిలిచిపోవచ్చు. పేగును కదిలించే బైసకొడిల్, సెన్నా లాంటి మందు కావాలి. అత్త మార్ఫిన్ దాచుకోవడానికి ఇంకో కారణం ఇదేనని చాలా రోజులకు సిగ్గుపడుతూ చెప్పింది. ఐదు రోజులు దొడ్డికి పోలేదట. మగవాళ్ల ముందు ఎలా చెబుతుంది?

కల్లు, సూది

ఉత్తర తెలంగాణలో రాసేటప్పుడు కల్లు సంగతి వదిలేయడం తప్పవుతుంది. చెట్టు నుంచి దించిన కల్లు వేరు. నిజామాబాద్ నుంచి కరీంనగర్ దాకా చాలా ఊళ్లలో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం, డైజీపాం లాంటి మత్తు మందులు కలుపుతున్నారని అందరికీ తెలిసిందే. మార్ఫిన్ వేసుకున్న మనిషి ఆ కల్లు తాగితే రెండు మత్తులూ కలిసి ఊపిరిని మందగింపజేస్తాయి. నిద్రలోనే ప్రాణం పోవచ్చు. అలాగని ఏళ్లుగా రోజూ తాగేవాళ్లు డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కరోజులో మానేసినా ప్రమాదమే, వణుకు, భ్రమలు, ఫిట్స్ వస్తాయి. సిగ్గుపడకుండా ఎంత తాగుతారో చెప్పడమే దారి. అడిగే డాక్టర్ కూడా తిట్టకుండా అడగాలి.

నొప్పి ఎక్కువైతే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర ఒక సూది వేయించుకోవడం మనకు అలవాటు. ఎక్కువగా అది డైక్లోఫెనాక్. ఆ గంటకు హాయిగా ఉంటుంది. రోజూ వేయిస్తే కడుపులో పుండు, కిడ్నీ దెబ్బ. కీమో నడుస్తూ ప్లేట్‌లెట్లు పడిపోయిన రోజుల్లో రక్తస్రావం అయ్యే ముప్పు. పొట్టకు పడే గోలీ ఉండగా సూది బలమైనదన్న నమ్మకం వదులుకోవాలి. కీమో సమయంలో జ్వరం 100.4 డిగ్రీలు తాకితే పారాసిటమాల్ వేసి చూద్దామని ఇంట్లో కూర్చోకూడదు, అప్పటికప్పుడు ఆసుపత్రికి పోవాలి. ఎముకల్లో జబ్బు ఉన్నచోట గట్టిగా మర్దన చేయించడం కూడా వద్దు, బోలుగా మారిన ఎముక విరగొచ్చు. మెల్లగా నూనె రాస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ చెయ్యి తగలడం రోగికి ఇష్టం కూడా.

మందు ఎక్కడ దొరుకుతుంది?

వీధి చివర మెడికల్ షాపులో మార్ఫిన్ ఎందుకు దొరకదో చాలామందికి తెలియదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మత్తు వ్యాపారాన్ని అడ్డుకోవడానికి వచ్చింది. ఆ కట్టుదిట్టాల్లో ఆసుపత్రులు కూడా ఇరుక్కున్నాయి. ఒక పెట్టె మార్ఫిన్ తెప్పించుకోవడానికి నాలుగైదు లైసెన్సులు కావాల్సి వచ్చేది, గుమాస్తా పొరపాటుకు కూడా జైలు భయం. చాలా ఆసుపత్రులు ఆ తలనొప్పి ఎందుకని మందే పెట్టడం మానేశాయి. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లలో ప్రభుత్వ అనుమతితో నల్లమందు పండించి విదేశాలకు ఎగుమతి చేసే దేశంలో, ఇక్కడి రోగులకు గోలీ దొరకలేదు. దీన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. 2014లో చట్టాన్ని సవరించి, మార్ఫిన్ సహా ఆరు మందులను అత్యవసర మాదక ఔషధాలుగా గుర్తించి, గుర్తింపు పొందిన వైద్య సంస్థలు వాటిని ఉంచుకునే దారి సులువు చేశారు.

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఉపశమన చికిత్స విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది. తెలంగాణలో జిల్లాల్లోనూ ప్రభుత్వ పాలియేటివ్ కేర్ (ఉపశమన చికిత్స) కేంద్రాలు ఉన్నాయి, 'ఆలన' పేరుతో ఇంటికే వచ్చి చూసే బృందాలు ఉన్నాయి. మంచం దిగలేని మనిషిని నొప్పి మందు కోసం దాదాపు 150 కిలోమీటర్లు రైల్లో కూర్చోబెట్టకముందు, మీ జిల్లా ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ ఎక్కడని అడగండి. ఊళ్లో ఆశ కార్యకర్తను అడిగినా దారి దొరుకుతుంది.

ఇంటికి తెచ్చిన గోలీలు తాళం వేసిన పెట్టెలో ఉండాలి. పిల్లలకు ఒక్క గోలీ చాలు ప్రమాదానికి. మిగిలిపోయినవి పక్కింటివాళ్ల నడుం నొప్పికి ఇవ్వకూడదు, తీసుకున్నచోటే తిరిగి ఇచ్చేయాలి.

నొప్పి, గోస

లండన్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ నర్సుగా మొదలుపెట్టి, తర్వాత డాక్టర్ అయి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్, అంటే చివరి దశ రోగులను చూసుకునే ఆసుపత్రి, తెరిచారు. శరీరం నొప్పి, మనసు నొప్పి, ఇంటి బాధలు, దేవుడి మీద ప్రశ్నలు అన్నీ కలిసే రోగిని బాధిస్తాయని, వాటిని విడదీసి ఒక్కదానికే మందిస్తే తగ్గదని చెప్పారు. దీనికి వైద్యులు పెద్ద పేరు వాడతారు. మా ఊళ్లో ఎప్పటినుంచో ఉన్న మాట చాలు: గోస. "నొప్పి ఉన్నది" వేరు, "గోస పడుతున్న" వేరు. రెండో మాట విన్నప్పుడు గోలీ ఒక్కటే చాలదని ఇంట్లోవాళ్లు గుర్తుపట్టాలి.

అత్తకు పగలు చారాణా ఉన్న నొప్పి రాత్రి బారాణా అయ్యేది. మోతాదు పెంచుదామనుకుంటుంటే నర్సమ్మ అడిగింది, "రాత్రిపూట నిద్ర రాకపోతే ఏం యాది చేస్కుంటవమ్మా?" మిర్చి పంట అప్పు. కొడుకు తన దగ్గర దాస్తున్నాడని, ఏదో చేసుకుంటాడేమోనని. కొడుకు వచ్చి మంచం మీద కూర్చుని ఎంత అప్పు, ఎవరికి, ఎట్లా కడతాడో మొత్తం లెక్క చెప్పాడు. అప్పు అలాగే ఉంది. రాత్రి మోతాదు మాత్రం పెంచాల్సిన పని రాలేదు.

వెంటనే పరుగెత్తాల్సినవి కొన్ని ఉన్నాయి. వెన్నులో కొత్తగా నొప్పి వచ్చి, కాళ్లు బలహీనమైనా, మొద్దుబారినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అదే రోజు ఆసుపత్రికి చేరాలి. జబ్బు వెన్నుపామును ఒత్తుతున్న గుర్తులు అవి, ఆలస్యమైతే కాళ్లు తిరిగి రావు. మార్ఫిన్ వాడే మనిషి లేపినా లేవనంత మగతలో ఉండి, ఊపిరి బాగా నెమ్మదించి, కంటిపాప సూది మొనంత చిన్నదైతే మందు ఎక్కువైనట్టు, 108కు ఫోన్ చేయాలి. మూత్రం తగ్గినా, కిడ్నీ జబ్బు ఉన్నా ముందే చెప్పాలి, మార్ఫిన్ ఒంట్లో పేరుకుపోతుంది.

కొంగుముడి విప్పిన నెలకు అత్తను మళ్లీ ఓపీకి తీసుకెళ్లాం. నోటుబుక్కు మనవడి చేతిలో ఉంది. డాక్టర్ ఫైలు చూస్తూ "నొప్పి ఎట్లుందమ్మా?" అన్నారు. మామ నోరు తెరిచాడు, అత్త చేయి పట్టి ఆపింది.

"బారాణా తగ్గింది సార్. చారాణా ఉన్నది. గది నడుముల కాదు, గీ ఎడమ బుజంల. చెయ్యి లేపితే పోటు పెడతాంది, పది రోజులాయె."

డాక్టర్ ఫైలు పక్కన పెట్టి, కుర్చీ దగ్గరికి జరిపి, బుజం మీద వేళ్లతో మెల్లగా నొక్కి చూశారు. ఎక్స్‌రే తీయించారు. సాయంత్రం మేము తిరుగు రైలు ఎక్కేలోపు, కరెంటు పెట్టడానికి తేదీ రాసిన చీటీ అత్త కొంగుముడిలో ఉంది.